ఒరాంజరీలో మోదిల్యాని: మోనే చూసేసి పైనుంచే వెనక్కి వచ్చేయకండి

ముందు రేటింగ్ చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం. పారిస్‌లో ఒరాంజరీ మ్యూజియం కింది అంతస్తులో ఉన్న గియోమ్ కలెక్షన్, అందులోనూ ఇటాలియన్ పెయింటర్ మోదిల్యాని వేసిన 'పాల్ గియోమ్, నోవో పిలోటా' అనే ఒక్క పోర్ట్రెయిట్: ఐదుకి ఐదు. దాని గురించి మాకు చెప్పిన ప్రైవేట్ టూర్: ఐదుకి ఒకటిన్నర, ఆ అర కూడా టైముకి వచ్చినందుకు. తర్వాత ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ప్రింటు: ఐదుకి రెండు. మూడింటినీ ఒకేచోట ఎందుకు రాస్తున్నానంటే, వీటి వెనక ఉన్న గొడవ ఒకటే. మోదిల్యాని అనగానే అందరూ ఆయన జీవితాన్ని అమ్ముతారు, బొమ్మని మాత్రం సరిగ్గా చూడనివ్వరు.

మ్యూజియం సంగతి తొందరగా చెప్పేస్తాను. ట్యూలరీ తోట చివర, కాంకోర్డ్ మెట్రోలో దిగితే పక్కనే. 1852లో తోటలోని నారింజ చెట్లని చలికాలం లోపల పెట్టుకోవడానికి కట్టిన పొడుగాటి భవనం. 1927 నుంచి మోనే కలువపూల బొమ్మలు అక్కడ రెండు కోడిగుడ్డు ఆకారపు గదుల్లో గోడల చుట్టూ పరుచుకుని ఉన్నాయి. వచ్చేవాళ్ళు ఎక్కువగా వాటి కోసమే వస్తారు, కాసేపు కూర్చుంటారు, ఫోటోలు తీసుకుంటారు, షాపులో ఒక మ్యాగ్నెట్ కొనుక్కుని వెళ్ళిపోతారు. మెట్లు దిగితే అదే టికెట్ మీద ఇంకో ప్రపంచం ఉందని చాలామందికి తెలియనే తెలియదు. నేను వెళ్ళినప్పుడు టికెట్ 12.50 యూరోలు, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఫ్రీ, నెలలో మొదటి ఆదివారం అందరికీ ఫ్రీ కానీ స్లాట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మంగళవారం సెలవు. బయల్దేరే ముందు రేట్లు ఒకసారి వాళ్ళ సైట్‌లో చూసుకోండి, ఇలాంటివి మారుతూ ఉంటాయి.

కింద ఉన్నదంతా పాల్ గియోమ్ అనే ఒక ఆర్ట్ డీలర్ పోగేసిన సరుకు, ఆయన పోయాక ఆయన భార్య కొన్ని అమ్మి కొన్ని కొని మార్చుకున్న సరుకు. దాదాపు 150 బొమ్మలు. రెన్వా, సెజాన్, మతీస్, పికాసో, దెరాన్, రూసో, అందరూ ఉన్నారు. సూటిన్ బొమ్మలే 22 ఉన్నాయి, ఆ ఎర్రటి మాంసం ముక్కలూ వంకర ఇళ్ళూ నచ్చేవాళ్ళకి అదొక పండగ. మోదిల్యానివి ఐదు. ఐదే కదా అనకండి. 1934లో గియోమ్ 42 ఏళ్ళకే పోయేనాటికి వందకి పైగా మోదిల్యాని కాన్వాసులు ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి, డ్రాయింగులూ శిల్పాలూ వేరే. మిగిలిన ఐదింటిలో ఒకటి ఆయన బొమ్మే. భార్య డొమెనికా తర్వాత జాన్ వాల్టర్ అనే ఆర్కిటెక్టుని పెళ్ళి చేసుకుంది, అందుకే ఈ కలెక్షన్‌కి ఇద్దరు మొగుళ్ళ పేర్లూ ఉంటాయి, పెట్టించింది ఆవిడే. 1959లో ఒక విడత, 1963లో ఒక విడత ఫ్రెంచ్ ప్రభుత్వం కొన్నది, ఆవిడ బతికున్నంత కాలం బొమ్మలు ఆవిడ దగ్గరే ఉన్నాయి, జనం చూసేలా ఇక్కడ శాశ్వతంగా పెట్టింది 1984లో. ఆవిడ కథ వేరే రాయాలి, ఇక్కడ పట్టదు.

ఇప్పుడు అసలు బొమ్మ. 105 సెంటీమీటర్ల ఎత్తు, 75 వెడల్పు, అంటే కూర్చున్న మనిషి తొడల దాకా ఇంచుమించు అసలు సైజుకి దగ్గరగా వస్తాడు. కాన్వాస్ కాదు, అట్ట. అట్ట మీద ఆయిల్ పెయింట్‌తో వేసినదాన్ని తర్వాత ప్లైవుడ్‌కి అతికించి, వంగిపోకుండా వెనక చెక్క పట్టీలు వేశారు. 1915లో వేసింది. తలమీద టోపీ, మెడలో టై, ముదురు సూటు, చేతికి గ్లోవ్, వేళ్ళ మధ్య సిగరెట్. గడ్డం కొంచెం పైకెత్తి, మనం ఏదో అడగడానికి వచ్చినట్టు, వింటాను గానీ మాట ఇవ్వను అన్నట్టు చూస్తుంటాడు. ముఖం సన్నం, పొడుగు. ముక్కుని ఉలితో ఒక్క దెబ్బలో కిందిదాకా దింపినట్టు ఉంటుంది, ఆ ఉలి సంగతి మళ్ళీ వస్తుంది. ఈ మనిషి వయసు అప్పటికి ఇరవై మూడు. పోజు చూస్తే నలభై ఏళ్ళ బ్యాంకు మేనేజర్.

కాస్త వెనక్కి జరిగి చూస్తే అక్షరాలు కనిపిస్తాయి. పెద్ద అక్షరాల్లో పాల్ గియోమ్ అని పేరు, కింద నోవో పిలోటా, ఇంకోచోట స్టెల్లా మారిస్. కొత్త నావికుడు, సముద్రపు నక్షత్రం అని. పోర్ట్రెయిట్ మీద ఇంత రాతేమిటి అనిపిస్తుంది మొదట. అప్పటికే బ్రాక్, పికాసో తమ బొమ్మల్లో న్యూస్‌పేపర్ల అక్షరాలు, బార్ల పేర్లు పెట్టేస్తున్నారు కాబట్టి అక్షరాలు ఉండటం వింత కాదు. కానీ వాళ్ళ బొమ్మల్లో అక్షరం ఒక ఆట. ఇక్కడ మాత్రం సూటిగా బోర్డు. 'ఇతనే, ఇకనుంచి నడిపించేది ఇతనే' అని రాసి కింద సంతకం పెట్టినట్టు.

నా అభిప్రాయం ఏమిటంటే ఇది వ్యాపారపు బొమ్మ. తిట్టుగా అనడం లేదు, మెచ్చుకోలుగానే అంటున్నా. 1915 పారిస్‌ని తలుచుకోండి. యుద్ధం నడుస్తోంది. పికాసో, బ్రాక్‌ల డీలర్ కాన్‌వైలర్ జర్మన్ పౌరుడు, యుద్ధం మొదలైనప్పుడు ఫ్రాన్స్ బయట ఉన్నాడు, యుద్ధం ముగిసేదాకా తిరిగి రాలేకపోయాడు, అతని సరుకంతా శత్రుదేశస్థుడి ఆస్తి అని ప్రభుత్వం జప్తు చేసింది. అంటే కొత్త ఆర్ట్ అమ్మే కుర్చీ ఒకటి ఖాళీ అయింది. సరిగ్గా ఆ సమయంలో ఏడాది కిందటే, 1914 ఫిబ్రవరిలో గ్యాలరీ తెరిచిన ఒక కుర్రాడు. చేతిలో పెద్ద డబ్బు లేదు, డీలర్ల కుటుంబంలో పుట్టినవాడూ కాదు. అతనికి ముందు కావాల్సింది ఒక ఇమేజ్. మోదిల్యానికి కావాల్సింది తన బొమ్మలు కొనేవాడు, అమ్మేవాడు. ఇద్దరూ ఒకరికొకరు ఉద్యోగం ఇచ్చుకున్నారు. నువ్వు నన్ను అమ్ము, నేను నిన్ను నాయకుడిగా నిలబెడతాను. అట్ట మీద వేసిన ఒప్పందం అది, ఇద్దరూ నిలబెట్టుకున్నారు కూడా.

గియోమ్ ఎలా మొదలయ్యాడో తెలిస్తే ఆ గడ్డం ఎందుకు అంత పైకి లేచిందో అర్థమవుతుంది. ఇతను ముందు ఒక కార్ల గ్యారేజీలో పనిచేసేవాడు. టైర్లకి కావాల్సిన రబ్బరు ఆఫ్రికా నుంచి వచ్చేది, దాంతోపాటు కొన్ని చెక్కబొమ్మలు కూడా వచ్చాయి. ఎవరికీ పట్టని ఆ బొమ్మల్ని తీసి గ్యారేజీ అద్దాల వెనక పెట్టాడు. అటుగా వెళ్తూ కవి అపోలినేర్ చూశాడు, ఆగాడు. ఆ పరిచయమే అతన్ని పెయింటర్ల మధ్యకి తీసుకెళ్ళింది. 1914లో ఇంకో కవి మాక్స్ జాకబ్ మోదిల్యానిని తీసుకొచ్చి ఇతనికి కలిపాడు. గియోమ్ మోంమార్త్రలో ఒక స్టూడియో అద్దెకి తీసి ఇచ్చాడు, బొమ్మలు కొన్నాడు, కొనేవాళ్ళని వెతికాడు. తర్వాతి రోజుల్లో అమెరికా నుంచి బార్న్స్ అనే కోటీశ్వరుడు వచ్చి పారిస్‌ని ఊడ్చి కొన్నప్పుడు అతనికి ఏజెంట్‌గా ఉన్నదీ గియోమే. ఫిలడెల్ఫియాలో బార్న్స్ కలెక్షన్‌లో ఇవాళ అన్నేసి మోదిల్యానిలు గోడమీద ఉన్నాయంటే అందులో పెద్ద చెయ్యి ఇతనిది. బొమ్మ మీద నావికుడు అని రాసినప్పుడు అది గాలిలో మాట, పదేళ్ళు తిరిగేసరికి నిజమైంది.

ఇక టూర్. పేరు చెప్పను, ఒక ప్రైవేట్ ఏజెన్సీ వాళ్ళది, మ్యూజియంకి వాళ్ళకి సంబంధం లేదు. గైడ్ మోనే దగ్గర బాగానే చెప్పాడు. కిందికి వచ్చి ఈ బొమ్మ ముందు నిలబడి, వీపు బొమ్మ వైపు పెట్టి, తాగుడు, మత్తుమందు, క్షయ, ఆకలి, అందగాడు, చివరికి కిటికీలోంచి దూకిన అమ్మాయి, అంతా ఒక్క ఊపులో చెప్పేశాడు. మా బ్యాచ్‌లో ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. నేను అక్షరాల గురించి అడిగితే 'అది ఆయన స్టైల్' అన్నాడు. అంతే, పదండి పదండి అని సూటిన్ దగ్గరికి తోలుకెళ్ళాడు. ఆ బొమ్మలో ఉన్నది ఎవరు అన్నది కూడా చెప్పలేదు మహానుభావుడు! మనం నిలబడి ఉన్న ఆ అంతస్తు మొత్తం ఆ బొమ్మలో ఉన్నవాడు పోగేసిందే అని ఒక్క ముక్క చెప్పుంటే జనం తల తిప్పి చూసేవాళ్ళు. అదే అంతస్తులో గియోమ్ ఇంటి గదుల చిన్న చిన్న నమూనాలు పెట్టారు, అరచేతిలో పట్టేంత సోఫాలు, గోళ్ళంత ఫ్రేములు, చిన్నపిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తారు. పోర్ట్రెయిట్ చూసి ఆ నమూనాల దగ్గరికి వెళ్తే, ఇరవై మూడేళ్ళప్పుడు ఆ గడ్డం ఎత్తి దేనివైపు చూశాడో తెలిసిపోతుంది. దానికి గైడ్ అక్కర్లేదు.

ఆ విషాద కథ అబద్ధం అని నేను అనను. మోదిల్యాని 1884లో ఇటలీలోని లివోర్నోలో పుట్టాడు, యూదుల కుటుంబం, ఆయన పుట్టేసరికి ఇంట్లో వ్యాపారం దివాళా. చిన్నప్పుడే ఊపిరితిత్తుల జబ్బు, టైఫాయిడ్, తర్వాత క్షయ. 1920 జనవరి 24న పారిస్‌లో ఆసుపత్రిలో పోయాడు, 35 ఏళ్ళు. క్షయ మెదడు పొరలకి పాకింది. నిండు గర్భిణిగా ఉన్న ఆయన సహచరి జాన్ ఎబుతెర్న్ ఆ వెంటనే ప్రాణం తీసుకుంది, ఆమెకి 21. ఇదంతా నిజమే. కానీ దీన్ని చెప్పి ఊరుకుంటే మనిషి ఏదో మత్తులో పడి బొమ్మలు కక్కాడు అన్న భావం వస్తుంది, అది మాత్రం పచ్చి అబద్ధం. ఇంత కుదురుగా, ఇంత లెక్కగా నేర్చుకున్న పెయింటర్లు తక్కువ.

చూడండి. 14 ఏళ్ళకి లివోర్నోలో మికేలి అనే పెయింటర్ దగ్గర చేరాడు. జబ్బు చేసి లేచాక అమ్మ ఆయన్ని తీసుకుని నేపుల్స్, కాప్రి, రోమ్, ఫ్లోరెన్స్ అన్నీ తిప్పింది, అంటే మ్యూజియాలే బడి. 1902లో ఫ్లోరెన్స్‌లో, 1903లో వెనిస్‌లో నేర్చుకున్నాడు. దాంతే పద్యాలు నోటికి వచ్చేవి, పారిస్ కెఫేల్లో నిలబడి చదివేవాడు. ఆ పొడుగు మెడలు, వాలిన భుజాలు, పక్కకి ఒరిగిన తలలు ఎక్కడివో కావు, సియెనా పాత మేరీమాత బొమ్మల్లో, తీనో ది కమైనో లాంటి పాత ఇటాలియన్ శిల్పుల పనిలో ఉన్నవే. 1906లో పారిస్ వచ్చి పికాసో వాళ్ళు ఉండే కొండ మీదే మకాం పెట్టాడు. 1907లో పాల్ అలెగ్జాండర్ అనే కుర్ర డాక్టరు దొరికాడు, గియోమ్ కంటే ముందు ఈయన్ని నమ్మి కొన్నది ఆ డాక్టరే.

ఆ తర్వాతి ఐదేళ్ళు అసలు కీలకం, దాన్ని టూర్లలో ఎవ్వరూ చెప్పరు. 1909లో బ్రాంకూసి అనే శిల్పి పరిచయం అయ్యాక మోదిల్యాని రాయి చెక్కాడు. పెయింటింగ్ బాగా తగ్గించేశాడు, నేను శిల్పిని అనుకున్నాడు. సున్నపురాతి దిమ్మెల్లో పొడుగాటి తలలు, ఒకదాని తర్వాత ఒకటి. ఆఫ్రికా ముసుగులు, కాంబోడియా శిల్పాలు, ఈజిప్టు, పాత గ్రీకు తలలు అన్నీ చూసి వాటిని ఒక్క గీతలోకి తెచ్చాడు. 1912లో సలోన్ దోతోన్ అనే పెద్ద వార్షిక ప్రదర్శనలో ఏడు తలలు పెట్టాడు. రాతి దుమ్ము ఆ ఊపిరితిత్తులకి పడదు. పైగా రాయి ఖరీదు, బరువు, కొనేవాడు లేడు, 1914లో యుద్ధం. ఉలి పక్కన పెట్టి మళ్ళీ కుంచె పట్టాడు. గియోమ్ వచ్చింది సరిగ్గా ఆ మలుపులో. కాబట్టి 1915 పోర్ట్రెయిట్లలో ముక్కు అలా నిటారుగా దిగడం, కనుబొమ్మ గీత ముక్కు గీతతో కలిసిపోవడం, మెడ స్తంభంలా ఉండటం, ఇదంతా రాతి మీద చేసీ చేసీ చేతికి అలవాటైన పని. తాగి వేసిన వంకర కాదు. ముక్కు దగ్గర ఉలి దెబ్బ అన్నానే, ఊరికే అనలేదు.

పక్కనే ఉన్న మిగతా వాటితో పోల్చి చూడండి, ఇంకా బాగుంటుంది. అదే 1915లో వేసిన 'ఆంటోనియా'లో ముఖం ఎదురుగా ఉంటుంది, ముక్కు మాత్రం పక్కనుంచి చూసినట్టు. నల్ల వెల్వెట్ రిబ్బన్ మెడకి కట్టుకున్న ఆవిడ బొమ్మలో ముఖం పూర్తిగా ముసుగే, కళ్ళు ఖాళీ. ఎర్ర జుట్టు అమ్మాయి బొమ్మ నాకు కొంచెం తేలిపోయింది, రెండోసారి ఆగాలనిపించలేదు. ఐదోది 'జన్ అప్రాంతి', పనికుర్రాడు, 1918 ఆ చుట్టుపక్కల దక్షిణ ఫ్రాన్స్‌లో ఉన్నప్పటిది. మోచెయ్యి ఆనించి, చెంప చేతికి ఆనించి కూర్చున్నాడు, అచ్చం సెజాన్ కూర్చోబెట్టినట్టు. అక్కడ రంగు పల్చబడింది, వెలుతురు వచ్చింది, అక్షరాలు మాయం. ఆ పిల్లాడిని నావికుడు అనాల్సిన పని లేదు, అతను ఎవరికీ ఏమీ అమ్మడం లేదు. మూడేళ్ళలో ఎంత దూరం నడిచాడో ఆ రెండు బొమ్మల మధ్య నాలుగడుగులు వేస్తే తెలుస్తుంది. చాలామంది ఆ పిల్లాడినే ఎక్కువ ఇష్టపడతారు, మా ఇంట్లో కూడా అదే గొడవ. నేను గియోమ్ వైపే. పిల్లాడి బొమ్మ మనల్ని మెత్తబరుస్తుంది, గియోమ్ మనల్ని బేరానికి దింపుతాడు, నాకు రెండోదే మజా.

మధ్యలో జరిగింది క్లుప్తంగా. 1916 నుంచి జ్బొరోవ్‌స్కీ అనే పోలండ్ కవి డీలర్‌గా మారి మోదిల్యానిని తన చేతిలోకి తీసుకున్నాడు, రోజుకి ఇంత అని డబ్బు, రంగులు, మోడళ్ళు, పని చేసుకోవడానికి గది ఇచ్చాడు. నగ్నచిత్రాలు ఎక్కువగా వచ్చింది ఆ కాలంలోనే. 1917 డిసెంబర్‌లో బెర్త్ వైల్ గ్యాలరీలో ఆయన బతికుండగా జరిగిన ఏకైక సోలో షో పెట్టారు. ఎదురుగానే పోలీస్ స్టేషన్. కిటికీలోంచి నగ్నచిత్రాలు కనిపించేసరికి జనం గుమిగూడారు, పోలీసులు వచ్చి తీసేయమన్నారు. అలాంటి ఒక నగ్నచిత్రం 2015లో న్యూయార్క్ వేలంలో 17 కోట్ల 4 లక్షల డాలర్లు పలికింది. గ్యాలరీ ఆవిడ ఆ రోజు అమ్ముకోగలిగింది చిల్లర డబ్బులకి రెండు డ్రాయింగులు.

ఇటలీ అయితే ఇంకా ఆలస్యంగా కళ్ళు తెరిచింది. 1922లో వెనిస్ బియెనాలే అనే పెద్ద ఆర్ట్ ప్రదర్శనలో బొమ్మలు పెడితే పెద్దగా ఆదరణ రాలేదు, మళ్ళీ 1930లో అదే బియెనాలేలో పెద్ద ప్రదర్శన పెట్టి మా వాడే అన్నారు. సొంత ఊరు లివోర్నో 1984లో ఇంకో ఘనకార్యం చేసింది. ఆయన కుర్రతనంలో చెక్కిన తలలు కాలవలో పారేశాడని పాత కథ ఒకటి ఉంది కదా అని శతజయంతికి కాలవ తవ్వించారు. మూడు తలలు దొరికాయి, పెద్ద పెద్ద పండితులు అసలైనవే అని తేల్చారు. తీరా చూస్తే ఒకటి ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు డ్రిల్ మెషిన్‌తో సరదాకి చేసి పడేసింది, మిగతా రెండూ ఇంకొకడి పని. ఆ కుర్రాళ్ళు టీవీలో కూర్చుని ఇంకో తల చెక్కి చూపించారు కూడా. 2017లో జెనోవా ప్రదర్శన నుంచి 21 బొమ్మల్ని నకిలీలన్న అనుమానంతో పోలీసులు పట్టుకెళ్ళారు. చెరోనీ అనే పరిశోధకుడి జాబితాలో ఉన్న పెయింటింగులు 337, మార్కెట్‌లో ముందు చూసేది ఆ జాబితానే, అందులో ఉందా లేదా అన్నదాని మీద రేటు ఎక్కడికో వెళ్తుంది, ఎక్కడికో పడుతుంది. గియోమ్ బొమ్మకి ఈ టెన్షన్ లేదు. వేసినవాడి నుంచి కొన్నవాడికి, అతని ఇంటి నుంచి ఈ గోడకి, వచ్చిన దారి కళ్ళముందే ఉంది.

ప్రింటు సంగతి చెప్పి ముగిస్తా. మ్యూజియం షాపులో ఆ రోజు నాకు కావాల్సిన సైజు కనపడలేదు, అందుకని తర్వాత ఆన్‌లైన్‌లో ఒక ప్రింటింగ్ కంపెనీ దగ్గర ఆర్డర్ పెట్టా. మోదిల్యాని పోయి 70 ఏళ్ళు ఎప్పుడో దాటిపోయాయి, బొమ్మ మీద కాపీరైట్ లేదు, ఎవడైనా ఫైలు దింపి ప్రింటు కొట్టి అమ్ముకోవచ్చు, అందుకే ఇన్ని షాపులు. పేజీ మీద 'విషాద ప్రేమికుడి అద్భుత చిత్రం' లాంటి మాట ఒకటి ఉంది, అక్కడే అనుమానపడాల్సింది. వచ్చింది 16 బై 20 అంగుళాలది. పేపర్ మందంగానే ఉంది, ప్యాకింగ్‌కి వంక పెట్టలేను. కానీ అసలు బొమ్మ 105 కి 75, అంటే ఎత్తు వెడల్పుకి 1.4 రెట్లు. 16 బై 20 అంటే 1.25 రెట్లే. ఆ తేడా ఎక్కడికి పోవాలి? కత్తెర వేశారు. అసలు సైజులో లెక్కేస్తే పదకొండు సెంటీమీటర్ల బొమ్మ పోయింది, ఎక్కువ భాగం కింది నుంచి, దాంతో నోవో పిలోటా అక్షరాలు కోసుకుపోయాయి. ఏ రాత వల్ల అది ఆ బొమ్మ అయిందో అదే లేదు. మిగిలింది టోపీ పెట్టుకున్న ఎవరో మనిషి.

రంగులూ అంతే. ఎవరికో చీకటి నచ్చలేదు, బ్రైట్‌నెస్ పెంచారు, ముదురు సూటు బూడిద రంగులోకి వచ్చింది, సూటుకీ వెనక గోడకీ మధ్య ఉన్న సన్నటి తేడా చెరిగిపోయింది. పైగా మెరిసే పేపర్, ఎదురుగా లైటు ఉంటే గియోమ్ ముఖం మీద మన గదిలో ట్యూబ్‌లైటే కనిపిస్తుంది. కస్టమర్ కేర్‌కి రాస్తే 'స్టాండర్డ్ ఫ్రేముకి తగ్గట్టు సర్దుబాటు చేస్తాం' అని జవాబు, రీఫండ్ సగం ఇచ్చారు, అందుకే రెండు మార్కులు. మీరు తెప్పించుకోవాలనుకుంటే ఏ2 సైజు అడగండి, దాని నిష్పత్తి 1.41, ఈ బొమ్మకి దాదాపు అతికినట్టు సరిపోతుంది, కత్తెర పడాల్సిన అవసరమే ఉండదు. మాట్ పేపర్ చెప్పండి. 'ఫిట్ టు ఫ్రేమ్' అన్న ఆప్షన్ ఉంటే టిక్ తీసేయండి. ప్రింటుకి పంపే ముందు ప్రివ్యూలో కింది మూల జూమ్ చేసి అక్షరాలు పూర్తిగా ఉన్నాయో లేదో చూడండి.

వెళ్ళేవాళ్ళకి నా సలహా: పొద్దున 9కి తెరిచేసరికి వెళ్ళి, అందరూ కలువల గదుల వైపు వెళ్తుంటే మీరు ముందు కిందికి దిగిపోండి, ప్రశాంతంగా ఉంటుంది, మోనే ఎక్కడికీ పోడు. గియోమ్, పనికుర్రాడు, ఇంటి నమూనాలు, ఈ వరసలో చూడండి. ఈ బొమ్మలు అప్పుడప్పుడు వేరే దేశాల ప్రదర్శనలకి అప్పుగా వెళ్తుంటాయి, కాబట్టి దీని కోసమే వెళ్తుంటే గోడ మీద ఉందో లేదో సైట్‌లో చూసుకుని టికెట్ తీసుకోండి. గియోమ్‌ని మోదిల్యాని నాలుగుసార్లు వేశాడు, ఒకటి అమెరికాలో టొలీడో మ్యూజియంలో ఉంది, 1916లో వేసింది మిలాన్‌లో మ్యూజియో దెల్ నొవెచెంతోలో ఉంది. ఇటలీ టూర్‌లో మిలాన్ కథెడ్రల్ దగ్గరికి ఎలాగూ వెళ్తారు, ఆ మ్యూజియం ఆ చౌకులోనే, ఒక గంట పెట్టుకుని చూసి రండి. రెండింటిలో ఏది గట్టిదో తర్వాత వాదించుకుందాం, నా ఓటు మాత్రం పారిస్‌దానికే.